గుటకకో గంట

మట్టెవాడ చర్చి గల్లీలో పొద్దున పూట గడియారం చూసే అలవాటు ఎవరికీ లేదు. యోసేపు ఇంట్లో జొన్నరవ్వ గటక గిన్నె పొయ్యి మీంచి దిగాక, కోడలు హెప్సిబా ఆయన్ని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, మెడ చుట్టూ తువ్వాలు కట్టి, చిన్న చెంచాతో మొదటి ముద్ద నోట్లో పెడుతుంది. యోసేపు గడ్డం కిందికి వంచి, కళ్ళు మూసుకుని, లోతు బావిలోంచి చేద లాగినంత కష్టపడి మింగుతాడు. ఆయన మింగగానే గల్లీ చివర చర్చి గంట ఒక్కసారి మోగుతుంది. ఇత్తడి చెంబుకి చేతి గాజు తగిలినంత చప్పుడే. అయినా గల్లీ అంతటికీ వినిపిస్తుంది.

"మొదలువెట్టిండు ముసలాయన," అంటూ మూల మీది టిఫిన్ బండి కట్టయ్య పెనం మీద నీళ్ళు చిలకరిస్తాడు. బడి పిల్లలు గంటలు లెక్కపెడుతూ జడలు వేయించుకుంటారు. గంటలు ఎక్కువైతే యోసేపుకి ఆ పూట ఆకలి బాగుందని అర్థం, తక్కువైతే గటక పలచబడిందనో ఉప్పు తగ్గిందనో కట్టయ్య బండి దగ్గర చర్చ నడుస్తుంది. ఇంట్లో గిన్నెలో ఏముందో వీధంతా మాట్లాడుకోవడం హెప్సిబాకి మొదట్లో చిన్నతనంగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది. ఊరి నోరు ఎలాగూ మూయలేం, మామ నోరు తెరిస్తే చాలు అనుకుంది.

యోసేపు బతుకంతా ఆ చర్చిలో గంట కొట్టాడు. పెళ్ళికీ చావుకీ ఆదివారానికీ ఆయన చెయ్యే. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయాక తాడు ఇంకొకరి చేతికి పోయింది. దవాఖాన నుంచి ఇంటికొచ్చిన రోజున హెప్సిబా ఆయన నోట్లో చెంచాడు జావ పెట్టింది, గంట మోగింది. పాస్టర్ సదానందం గారు చర్చిలోకి పరుగెత్తి చూస్తే తాడు మేకుకి చుట్టినది చుట్టినట్టే ఉంది. ఆయన నిచ్చెన వేసుకుని పైకెక్కి, గంటని అటూ ఇటూ చూసి, కిందికి దిగి, "ఇక దీనికి రోజూ నూనె పెట్టాలె," అన్నాడు. అంతటితో ఆ సంగతి తేలిపోయింది. ఆదివారం ప్రసంగం మధ్యలో గంట మోగితే ఆయన కొంచెం ఆగుతాడు, మోగడం అయ్యాక మళ్ళీ అందుకుంటాడు.

అసలు కష్టం గంటతో కాదు, నీళ్ళతో వచ్చింది. కొత్తలో యోసేపు నీళ్ళు తాగినప్పుడల్లా పొలమారేది. ఆయన అక్క హన్నా పక్క గల్లీలో ఒక్కతే ఉంటుంది. తల్లి చనిపోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. ఆమె వచ్చి కూర్చుని, "ఎవరో తల్సుకుంటాండ్రురా తమ్మీ. జాన్ బావ కావచ్చు, జాన్ బావా అను. కాదా? అయితే మన ఎస్తేరు," అంటూ పేర్లు ఒక్కొక్కటే చెప్పేది. సరైన పేరు తగిలితే దగ్గు ఆగుతుందని పెద్దల మాట. అందరూ చుట్టూ చేరి చుట్టాల పేర్లు, పోయినవాళ్ళ పేర్లు, చివరికి బాకీలు ఎగ్గొట్టినవాళ్ళ పేర్లు కూడా చెప్పి నవ్వుకున్నారు. వాళ్ళు పేర్లు చెప్పుకుంటుంటే ఆయన తాగిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి దిగుతూ పోయాయి. ఒక సాయంత్రం కొడుకు స్టీఫెన్ దుకాణానికి ఆలస్యమవుతోందన్న తొందరలో గ్లాసు తండ్రి నోటికి ఎత్తి పోశాడు. మర్నాటికి జ్వరం, ఆయాసం. దవాఖానలో నిమోనియా అన్నారు.

అక్కడ ముక్కులోంచి గొట్టం వేశారు. యోసేపు దాన్ని పీకేశాడు. మళ్ళీ వేశారు, మళ్ళీ పీకేశాడు. చివరికి కుడి చేతిని మెత్తని గుడ్డతో మంచానికి కట్టారు. ఏళ్ళ తరబడి గంట తాడు లాగిన చెయ్యి అది, రాత్రంతా ఆ గుడ్డని లాగుతూనే ఉంది. హెప్సిబా పక్కన కూర్చుని చూసింది. ఆ దృశ్యం ఆమె కళ్ళలోంచి ఇంకా పోలేదు.

జ్వరం తగ్గాక మింగడం నేర్పే దీప మేడం వచ్చింది. నీళ్ళు పలచగా ఇవ్వొద్దని, చిక్కబెట్టే పొడి కలిపి చెంచాతో ఇవ్వమని చెప్పింది. నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం వంచాలి, ముద్ద చిన్నదిగా ఉండాలి, తిన్నాక ఎడమ బుగ్గలో ఏమైనా మిగిలిందేమో చూడాలి, వెంటనే పడుకోబెట్టకూడదు. చివర్న గొంతు తగ్గించి ఇంకో మాట అంది.

"దగ్గు రాలేదని సంబరపడొద్దమ్మా. ఈయనకి కొన్నిసార్లు దగ్గు లేకుండానే లోపలికి పోతది. ఇంట్ల మీకు తెలువది, అదే నాకు భయం."

"గంట ఉన్నది గద మేడం," అంది హెప్సిబా. "మంచిగ మింగితేనే మోగుతది. తప్పుదారి పడితే మోగది."

దీప ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే గంట మోగేదాక ఇంకో చెంచా పెట్టకుండ్రి," అంది.

అప్పట్నుంచి హెప్సిబా చెవి గల్లీ చివర, కన్ను మామ గొంతు మీద. గొట్టం లేకుండానే వానాకాలం గడిచింది, చలికాలం వచ్చింది. యోసేపు బుగ్గలు కాస్త నిండాయి కూడా.

అన్నీ సర్దుకున్నాయనుకుంటే బల్ల దగ్గర పేచీ వచ్చింది. ప్రతి నెలా మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల ఉంటుంది. చిన్న రొట్టె ముక్క, బుల్లి గ్లాసులో ద్రాక్షరసం. పక్షవాతం వచ్చేదాకా యోసేపు దాన్ని ఎన్నడూ తప్పించలేదు. మంచాన పడ్డవాళ్ళకి పాస్టర్ గారే ఇంటికి పట్టుకొస్తారు. యోసేపు కాస్త తేరుకున్నాడని పోయిన నెల మొదటిసారి అలాగే తెచ్చారు. హెప్సిబా గుమ్మంలో నిలబడి చేతులు జోడించింది.

"అయ్యగారూ, ఎండు రొట్టె వద్దన్నరు, పలచటి రసం వద్దన్నరు. ఆ రెండే మీ చేతిల ఉన్నయ్. మీ కాళ్ళు మొక్కుత, ఇయ్యాల వద్దు."

పాస్టర్ గారు నొచ్చుకోకుండా ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. లోపల కుర్చీలో యోసేపు అంతా విన్నాడు. ఆ పూట ఒక్క మాట మాట్లాడలేదు. మాట ఎలాగూ ముద్దముద్దగానే వస్తుంది కాబట్టి ఆ మౌనాన్ని ఎవరూ పట్టించుకోలేదు. గంటలు మాత్రం రోజురోజుకీ తగ్గుతూ వచ్చాయి. మళ్ళీ మొదటి ఆదివారం దగ్గర పడేసరికి, ఆ వారంలో, యోసేపు పెదవులు బిగించేశాడు. చెంచా తగిలితే మొహం తిప్పుకుంటాడు. బలవంతాన పెడితే ముద్ద బుగ్గన పెట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చుంటాడు. హెప్సిబా బతిమాలి, కసిరి, ఏడ్చి, చివరికి ఆ ముద్దని తనే బయటికి తీయాల్సి వచ్చేది.

గంట ఆగిపోయింది. గల్లీకి ఏదో పోగొట్టుకున్నట్టయింది. కట్టయ్య పెనం మీద దోసెలు మాడాయి. చిన్న పిల్లలు బడికి ఆలస్యమయ్యారు. ప్రతి ఒక్కళ్ళూ గుమ్మంలోకి తొంగి చూసి, "తిన్నడా?" అని అడిగేవాళ్ళే. హెప్సిబా తల అడ్డంగా ఊపేది. యోసేపు మెడ ఎముకలు తేలాయి. కూర్చోబెడితే తల నిలవడం లేదు. పొడి కలిపిన నీళ్ళు రోజంతా కష్టపడి నాలుగు చెంచాలు లోపలికి పంపగలిగితే ఆమెకి అదే పండుగ.

శనివారం సాయంత్రం స్టీఫెన్ దుకాణం నుంచి తొందరగా వచ్చాడు. చౌరస్తాలో ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం అతనిది. చెప్పులు విప్పకుండానే చెప్పేశాడు.

"సోమవారం పొద్దుగాలకు ఆటో మాట్లాడిన. డాక్టర్‌కు ఫోన్ చేసిన. ఇంక గొట్టమే."

"చేతులు గట్టేస్తరు," అంది హెప్సిబా.

"గట్టనీ. కడుపు మాడి పోవుడుకన్న నయమే గద! డాక్టర్ గూడ అదే అన్నడు. గొట్టం అంటే శిక్ష గాదు, అన్నం పోయే తొవ్వ అన్నడు."

"డాక్టర్ చెప్పింది నిజమే. కని మామ ఊకుంటడా? పీకుతడు, మల్ల కడ్తరు. ఆ చేతిని మల్ల కట్టిచ్చి నేను సూడలేను."

"మరి తినిపియ్యి! తినిపిచ్చే దారి నీకు తెలిస్తే తినిపియ్యి!" అని అరిచాడు స్టీఫెన్. వెంటనే గొంతు తగ్గించాడు. "నాకైతే చేతగాదు. ఆ గ్లాసు ఎత్తిపోసింది నేనే గద."

గ్లాసు ఎత్తిపోసిన ఆ సాయంత్రం తర్వాత అతను తండ్రికి ఒక్క చెంచా కూడా పెట్టలేదు. చెంచా పట్టుకుంటే చెయ్యి వణికేది. హెప్సిబాకి అతని మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఏది ముందో ఆమెకే తెలియలేదు.

దారి ఒకటి ఆమెకి తోచకపోలేదు. మధ్యాహ్నమే దీప మేడానికి ఫోన్ చేసి అడిగింది. రొట్టె ముక్కని చిక్కబెట్టిన రసంలో బాగా నానబెట్టి, గడ్డ లేకుండా మెదిపి, చెంచా కొసన కొంచెం ఇస్తే? మనిషి మెలకువగా ఉంటే ఇవ్వొచ్చంది దీప. పాస్టర్ గారిని అడిగితే, ముక్కని రసంలో ముంచి ఇవ్వడానికి తనకేం అభ్యంతరం లేదన్నారు. కష్టమల్లా హన్నాతోనే. తమ్ముణ్ణి చూడ్డానికి వచ్చిన ఆమె, ఆ మాట చెవిన పడగానే చాయ్ కప్పుతో సహా లేచి నిలబడింది.

"ముంచిన ముక్కనా? సిలువకు పోయే ముందు రాత్రి బల్ల మీద ముంచిన ముక్క ఎవనికి ఇచ్చిండు ప్రభువు? వెండి పైసలకు ఆయన్ను అమ్ముకున్న శిష్యునికి! నా తమ్ముని నోట్ల ద్రోహి ముక్క పెడతరా? నేను బతికుండంగ గానియ్య."

అంతలోనే ఆమెకి చాయ్ పొలమారింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా దగ్గి, ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "ఎవరో తల్సుకుంటాండ్రు," అంది నవ్వుతూ. ఈ మధ్య ఆమెని తలుచుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. చాయ్‌కీ, నీళ్ళకీ, మజ్జిగకీ తలుచుకుంటున్నారు. కానీ ఆ ఇంట్లో అప్పుడు ఎవరికీ ఆమె దగ్గు వినే తీరిక లేదు.

యోసేపు కుర్చీలోంచి అక్క మొహంలోకే చూస్తున్నాడు. అక్క మాటంటే ఆయనకి బైబిలు వాక్యమంత. ముంచిన ముక్క వద్దని ఆయన కూడా మెల్లగా తల తిప్పాడు. హెప్సిబాకి ఆ క్షణాన హన్నా మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. తల్లిలాంటి మనిషిని ఏమనగలదు? గిన్నెలు కడగడానికి వెళ్ళి వాటిని గట్టిగా కడిగింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ గారు వచ్చారు. చేతిలో తెల్లటి గుడ్డ కప్పిన చిన్న పళ్ళెం. హన్నా ఇస్త్రీ చీర కట్టుకుని తమ్ముడి పక్కన కూర్చుంది. స్టీఫెన్ తండ్రిని కుర్చీలోంచి లేపి, మంచం తల వైపు ఎత్తి, దిండ్లు పెట్టి ఆనించాడు. యోసేపు మెడ నిలవడం లేదు. కళ్ళు మాత్రం ఆ పళ్ళెం మీదే. గుడ్డ తీయగానే, వారమంతా బిగించుకున్న పెదవులు వాటంతటవే విచ్చుకున్నాయి.

"బల్ల," అన్నాడు. వారంలో ఆయన మాట్లాడిన మొదటి మాట.

"ఒక్క నిమిషం అయ్యగారూ, రసం చిక్కబెట్టుకొస్త. నేనొచ్చేదాక ఏం పెట్టకుండ్రి," అని హెప్సిబా చిన్న గ్లాసు తీసుకుని వంటింట్లోకి పరుగెత్తింది. అక్క ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నానబెట్టే ఇవ్వాలని ఆమె నిర్ణయించుకుంది. పొడి వేసి కలుపుతుంటే తొందరలో కొంత గట్టు మీద పడింది.

పాస్టర్ గారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. హన్నా కళ్ళు మూసుకోలేదు. తమ్ముడి తెరిచిన నోరు చూస్తోంది. ఈ నోటికి ఆమె చిన్నప్పుడు అన్నం నమిలి పెట్టింది. రేపు ఈ ముక్కులో గొట్టం వేస్తారు, చెయ్యి కట్టేస్తారు, మళ్ళీ బల్ల ఎప్పుడో ఏమో. ఆమె మనసు ఆగలేదు. పళ్ళెంలోంచి ఎండు ముక్క తీసి, "తీస్కో తమ్మీ," అని నోట్లో పెట్టేసింది.

ఆమెన్ అని పాస్టర్ గారు కళ్ళు తెరిచేసరికి యోసేపు నోరు మూసుకుని ఉంది. దగ్గు లేదు. ఉక్కిరిబిక్కిరి లేదు. మొహంలో ఎంత ప్రశాంతత అంటే, స్టీఫెన్‌కి ఏడుపొచ్చేసింది.

"సూసిన్రా?" అంది హన్నా. అందరి వైపూ గర్వంగా చూసింది. "దగ్గిండా? ప్రభువు ముక్క ఎట్ల అడ్డం పడ్తది? ఊకె భయపెట్టిన్రు ఇన్ని రోజులు. అయ్యగారూ, ఆ రసం గూడ పొయ్యుండ్రి."

పాస్టర్ గారు సందేహిస్తూనే ఇంకో చిన్న గ్లాసు ఎత్తారు. స్టీఫెన్ కళ్ళు తుడుచుకుంటూ తండ్రి తల కింద చెయ్యి పెట్టాడు.

"ఆగుండ్రి!"

హెప్సిబా వంటింటి గుమ్మంలో ఉంది. చేతిలో చెంచా. ఆమె మామ వైపు చూడటం లేదు, కిటికీ వైపు చూస్తోంది.

"గంట మోగిందా?" అంది.

పాస్టర్ గారు గ్లాసు దించారు. బయట గల్లీలో చప్పుడు లేదు. అయ్యగారు పళ్ళెంతో లోపలికి పోవడం చూసిన దగ్గర్నుంచి వీధంతా చెవులు రిక్కించే ఉంది. కట్టయ్య పొయ్యి మంట తగ్గించాడు. ఎక్కడో ప్రెషర్ కుక్కర్ కూత పెడితే, ఎవరో దాన్ని తిట్టారు. గంట మోగలేదు.

"ఇంక మోగలేదు," అంది హెప్సిబా. "మింగలేదు. ముక్క ఎక్కడుందో?"

ఆమె రెండంగల్లో మంచం దగ్గరికొచ్చింది. యోసేపు ఎడమ బుగ్గ కొంచెం ఉబ్బి ఉంది. "మామా, నోరు తెరువుండ్రి," అంటూ గడ్డం పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఆయన, కోడలికి జవాబు చెబుదామనో ఏమో, లోపలికి గట్టిగా ఊపిరి పీల్చాడు. బుగ్గలో దాగిన ముక్క కదిలి గొంతులోకి జారింది.

దగ్గు రాలేదు. అదే భయంకరం. కళ్ళు పెద్దవయ్యాయి, నోరు తెరుచుకుంది, చప్పుడు లేదు. కుడి చెయ్యి గాల్లోకి లేచి, పైన లేని తాడు కోసం వెతుక్కున్నట్టు తడుముకుంది. పెదవులు నీలంగా మారుతున్నాయి.

"ముందుకు వంచు! స్టీఫెన్, ముందుకు వంచు నాయనను!" అని అరిచింది హెప్సిబా. స్టీఫెన్ కదల్లేదు. మళ్ళీ అదే గ్లాసు, అదే సాయంత్రం అతని కళ్ళ ముందుంది. ఆమె అతని భుజం మీద ఒక్కటిచ్చింది. దాంతో స్పృహలోకొచ్చి తండ్రిని ముందుకు లాగి తన ఛాతీకి ఆనించుకున్నాడు. హెప్సిబా అరచేతి మడమతో వీపు మధ్యలో కొట్టింది. మళ్ళీ కొట్టింది. పాస్టర్ గారు పళ్ళెం కింద పెట్టేసి ఆయన తల పట్టుకున్నారు. హన్నా గోడకి అంటుకుపోయి, "యేసయ్యా, యేసయ్యా," అని తప్ప ఇంకేం అనలేకపోయింది. హెప్సిబా ఇంకోసారి, తన బలమంతా పెట్టి కొట్టింది.

ముక్క వచ్చి స్టీఫెన్ అరచేతిలో పడింది. తెల్లగా, ఎండుగా, పళ్ళెంలో ఉన్నది ఉన్నట్టే ఉంది.

యోసేపు ఊపిరి తీసుకున్న చప్పుడు ఇల్లంతా వినిపించింది. తర్వాత దగ్గాడు, చాలాసేపు దగ్గాడు. ఆ దగ్గు ఆ ఇంట్లో అందరికీ పాటలా వినిపించింది. హెప్సిబా నేల మీద కూర్చుండిపోయి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆయన రంగు మామూలుగా అయి, ఊపిరి కుదుటపడేదాకా ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత పాస్టర్ గారు హన్నా వైపు తిరిగారు. ఆయన గొంతులో కోపం లేదు.

"అక్కా, ముంచిన ముక్క తీసుకున్నోన్ని సూస్తానవు నువ్వు. ముంచి ఇచ్చిన చెయ్యి ఎవరిదో సూడు."

హన్నా గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేసింది. పెద్ద మనిషి, నలుగురిలో ఓడిపోవడం తేలిక కాదు. చివరికి తమ్ముడి దగ్గరికి వెళ్ళి, చెమట పట్టిన నుదురు తుడిచింది.

"ముంచిందే తీస్కో తమ్మీ. నేను జెప్తాన," అంది.

ఈసారి తల వెనక దిండు పెట్టి కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టారు. హెప్సిబా కొత్త ముక్కని చిక్కటి రసంలో నానబెట్టి, గింజంత గడ్డ కూడా లేకుండా మెదిపింది. పాస్టర్ గారు చెంచా కొసన తీసుకుని అందించారు. యోసేపు గడ్డం వంచి, కళ్ళు మూసుకున్నాడు. గొంతు మీద ఎముక కదిలి, ఆగింది. మళ్ళీ కదిలింది. స్టీఫెన్ ఊపిరి బిగపట్టాడు.

గంట మోగింది.

బయట కట్టయ్య ఎవరి పేరు పెట్టి అరిచాడో తెలియదు, గల్లీ అంతా ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టింది. యోసేపు కళ్ళు తెరిచి, ముద్దగానే అయినా అందరికీ అర్థమయ్యేలా, "గటక," అన్నాడు. హెప్సిబా నవ్వుతూ ఏడుస్తూ గిన్నె తెచ్చింది. ఒక్కో చెంచాకీ ఒక్కో గంట. తొందరపడకుండా, గంట అయ్యాకే ఇంకో చెంచా. గిన్నె సగానికి వచ్చేసరికి ఆయన చాలన్నట్టు చెయ్యి ఊపాడు. ఎడమ బుగ్గ చూసి, నోరు తుడిచి, హెప్సిబా చెంచా పక్కన పెట్టింది.

"ఆటో వద్దని చెప్త," అని స్టీఫెన్ ఫోన్ తీశాడు.

అప్పటిదాకా ఎవరూ చాయ్ కూడా తాగలేదు. హెప్సిబా అందరికీ పెట్టింది. హన్నా మూలన స్టూల్ మీద కూర్చుని, రెండు చేతులతో కప్పు పట్టుకుని ఒక గుక్క తాగింది.

గంట మోగింది.

స్టీఫెన్ నంబరు నొక్కుతూ ఆగాడు. అందరూ యోసేపు వైపు చూశారు. ఆయన నోరు ఖాళీ. తల కుర్చీకి ఆనించి కునుకు తీస్తున్నాడు. చెంచా గిన్నెలోనే ఉంది.

హెప్సిబా మెల్లగా హన్నా వైపు తిరిగింది. "పెద్దమ్మా, ఇంకో గుక్క తాగు," అంది.

హన్నా తాగింది. ఈసారి గంట మోగలేదు. ఒక్క క్షణం ఆగి ఆమెకి దగ్గు పట్టుకుంది. నడుం వంగిపోయేలా దగ్గింది, కళ్ళు ఎర్రబడ్డాయి. ఊపిరి అందగానే అలవాటుగా ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "ఎవరో తల్సు..." అని మొదలుపెట్టి, ఆ మాట మధ్యలో ఆపేసింది. ఆమె మొహంలోకి భయం వచ్చింది. ఒంటరి ఇంట్లో, లోపల గడియ పెట్టుకుని, పొద్దున్నే చీకట్లో ఆమె తాగే చాయ్ అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. అక్కడ ఆమె వీపు మీద కొట్టే చెయ్యి లేదు.

ఈసారి ఎవరూ పేర్లు చెప్పలేదు. హెప్సిబా లేచి వెళ్ళి ఆమె చేతిలోంచి కప్పు తీసుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి పెద్దమ్మా?"

"నాకేమైందే? ముసల్దాన్ని, తాగుతాంటే గుటక..." హన్నా చెప్పబోయి, తల దించుకుంది. "బతుకమ్మ పండుగ కాన్నుంచి. ఒక్కోసారి రాత్రి జ్వరం గూడ వస్తాంది."

"గా సంగతి మాకెందుకు చెప్పలేదత్తా?" అన్నాడు స్టీఫెన్.

"వాని బాధల నా బాధ ఎక్కడ చెప్పాలెరా?"

హెప్సిబా ఆ చాయ్‌లో పొడి కలిపి, చిక్కబడేదాకా తిప్పి, చెంచా వేసి తిరిగి ఇచ్చింది. "గడ్డం కిందికి వెట్టు. కొంచెం కొంచెం తీస్కో. గంట మోగేదాక ఇంకోటి తీస్కోకు."

"మీ ఇంటి చాయ్ నీళ్ళ చాయని ఇన్నేండ్లు తిట్టిన," అంది హన్నా, చెంచా వైపు చూస్తూ. "దేవుడు విన్నడు." ఆమె నవ్వింది. గడ్డం వంచి చెంచా నోట్లో పెట్టుకుంది. గంట మోగింది. కుర్చీలో యోసేపు కళ్ళు తెరిచి, అక్క వైపు చూశాడు. ఎన్నాళ్ళ నుంచో తనకి ఒక్కడికే తెలిసిన పని అక్క ఇప్పుడు నేర్చుకుంటుంటే చూసినట్టు చూశాడు.

స్టీఫెన్ ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. ఆటోని వద్దనలేదు.

సోమవారం పొద్దున ఆటో వచ్చింది. దవాఖానకి బయల్దేరింది హన్నా, తోడు హెప్సిబా. దీప మేడం ఓపీ పది దాటితే రద్దీ అవుతుందని త్వరగా బయల్దేరారు. అప్పటికి యోసేపు ఇంకా తినలేదు. గటక గిన్నె, చెంచా స్టీఫెన్ ముందు పెట్టి, "నువ్వే," అని మాత్రం చెప్పి హెప్సిబా గుమ్మం దిగింది. అతని మొహం చూస్తే ఆగిపోవాల్సి వస్తుందని వెనక్కి తిరగలేదు.

ఆటో కట్టయ్య బండి దగ్గరికి వచ్చింది. "జర ఆపన్నా," అంది హెప్సిబా. డ్రైవర్ ఆపి, ఇంజన్ కూడా ఆర్పేశాడు. అతనిదీ ఆ గల్లీనే. కట్టయ్య అట్లకాడ పట్టుకుని నిలబడ్డాడు. జడ సగం వేసిన ఒక పాప తల తల్లి చేతిలోనే ఉండిపోయింది. హెప్సిబా ఆటో కడ్డీ గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు చెంచా తీసుకుని ఉంటాడు. ఇప్పుడు చెయ్యి వణుకుతూ ఉంటుంది. గడ్డం వంచమని చెప్పాడో లేదో. ఎంతసేపటికీ ఏమీ వినిపించలేదు. దిగి పరుగెత్తుదామని ఆమె ఒక కాలు బయట పెట్టింది.

హన్నా ఆమె చెయ్యి పట్టుకుంది. "వాడు నా తమ్మునికి కొడుకే. కూసో."

గంట మోగింది. కొంచెం ఆగి, మళ్ళీ మోగింది.

హెప్సిబా కాలు లోపలికి తీసుకుంది. కట్టయ్య పెనం మీద నీళ్ళు చిలకరించాడు. హన్నా కొంగుతో కళ్ళు తుడుచుకుని, సంచిలోంచి చిక్కటి నీళ్ళ సీసా, చెంచా తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పోనీ బిడ్డా," అంది డ్రైవర్‌తో. "ఇయ్యాల్టి నుంచి ఆ గంటల నా వంతు గూడ ఉన్నది."